ఇంగ్లీషు క్రియలకు మన కాలములు



1986వ సంవత్సరమున, నేను సిరిసిల్లలో ఉపాధ్యాయుడనై చేరిన క్రొత్తలో, ఒక సాయంకాలము ఒక వృద్ధ నేతగాడు మా యింటి అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. ఆయన ముప్పది యేండ్లుగా మగ్గము నమ్ముకొని బ్రదుకుచున్నవాడు. మొదట చేతిమగ్గము, పిదప సాంచ. మరమగ్గమును మా యూర సాంచ యందురు. పనిలోనున్న ముసలి నేతవారికి కొంత ద్రవ్యసహాయము దొరకునని విని, అందులకొక అర్జీ వ్రాసి పెట్టుమని కోరవచ్చెను. అర్జీ ఇంగ్లీషులో నున్నచో దానికి విలువ హెచ్చని ఆ దినములలో అందఱకును నమ్మకము. నేను తెలుగు పండితుడను. గురువుగారియొద్ద అమరము, శబ్దమంజరి, కౌముది, బాలవ్యాకరణము చదివినవాడను. ఇంగ్లీషు నాకు బడిలో వచ్చినంతయే వచ్చును. అయినను పెద్దవానిని కాదని పంపుటకు మొగము చెల్లలేదు.

కలము పట్టి తర్కించితిని. ముప్పది యేండ్లు గడచిపోయినవి. గడచినది భూతకాలము. పని యెడతెగక సాగినది గనుక క్రియకు చివర 'ఇంగ్' ఉండవలెను. ఇట్లు ఆలోచించి 'హి వాజ్ వీవింగ్ సిన్స్ థర్టీ ఇయర్స్' అని వ్రాసి, తర్కము తప్పలేదని సంతసించితిని.

రెండు నెలలకు జవాబు వచ్చినది. ఈ అర్జీదారుడు పూర్వము నేతపని చేయుచుండెను, ఇప్పుడు చేయుటలేదు గనుక సహాయమునకు అర్హుడు కాడని దాని సారాంశము. వృద్ధుడు ఆ కాగితము తెచ్చి నా చేతిలో బెట్టి, "సారూ, నేను ఇయ్యాల గూడ సాంచ కాడికెల్లే లేసొచ్చిన. ఈ కాయితమేమో నేను పని ఇడిసిపెట్టిన అంటున్నది. మీరేం రాసిండ్రు?" అని యడిగెను.

నేనేమి వ్రాసితినో నాకు ఇంగ్లీషు చెప్పు సహోపాధ్యాయుడొకరు తెలిపిరి. 'వాజ్' అను చోట 'హ్యాజ్ బీన్', 'సిన్స్' అను చోట 'ఫర్' ఉండవలెనట. మూడు చిన్న మాటలు. రెండవ అర్జీ ఫలించుటకు మఱి యెనిమిది నెలలు పట్టినది. నడుమ పోయిన నెలల సొమ్ము ఆయనకు రానేలేదు. కార్యాలయమువారి తప్పు అణుమాత్రమును లేదు. వారు వ్రాసినదానినే చదివిరి.

ఇంగ్లీషు క్రియలకు కాలములెట్లు ఏర్పడెను, అవి మన బడులకు ఏ త్రోవను వచ్చెను అని వెదకు పట్టుదల నాకు ఆనాడు పుట్టినది. ఆ వెదకులాటలో దొరికిన చరిత్రనే నేడు మీకు విన్నవించుచున్నాను.

బడిలో ఇంగ్లీషు చదివిన వారందఱును ఆ పండ్రెండు గళ్ళ పట్టికను ఎఱుగుదురు. అడ్డముగా భూత వర్తమాన భవిష్యత్తులు మూడు, నిలువుగా సామాన్యము మొదలుగా నాలుగు విధములు. మూడు నాలుగుల పండ్రెండు. ప్రతి గడియలోను ఒక ఇంగ్లీషు వాక్యము, దాని క్రింద తెలుగు. వ్రాయుదును, వ్రాయుచున్నాను, వ్రాసియున్నాను, వ్రాయుచునేయున్నాను. నా చిన్ననాట దీనిని ఎక్కములవలె వల్లెవేయించిరి. ఈ పట్టిక ఇంగ్లీషువాని కడుపున పుట్టినదని నేను చిరకాలము నమ్మియుంటిని. అది నిజము కాదు.

ఇంగ్లీషు క్రియ తన రూపమును తాను మార్చుకొని చెప్పు కాలములు రెండే. 'రైట్' ఒకటి, 'రోట్' ఒకటి. వేయియేండ్ల క్రిందటి ప్రాచీనాంగ్లమున రేపటి పనిని గూడ సామాన్యముగా వర్తమాన రూపముతోనే చెప్పుచుండిరి. 'షల్' అను మాటకు మొదట ఋణపడియుండుట యర్థము, 'విల్' అనగా కోరుట. అప్పును, కోరికయు కాలక్రమమున భవిష్యత్తునకు ఊడిగము చేయసాగినవి. ఈ సందర్భమున మన భాషలోని వింత యొకటి చెప్పక తప్పదు. గ్రాంథిక వ్యాకరణములు 'వండగలడు' అనుదానిని భవిష్యత్తునకు ఉదాహరణముగా జూపును. నేడు ఆ మాట విన్నవాడు, వంట వచ్చినవాడని యర్థము చేసికొనును. వారి మాట కోరికనుండి కాలములోనికి నడచినది. మన మాట కాలమునుండి సామర్థ్యములోనికి నడచినది.

ఇంగ్లీషునకు తొలి వ్యాకరణమును 1586లో విలియం బులోకరు అచ్చువేసెను. ఆనాటి సీమపండితులకు వ్యాకరణమనగా లాటిను వ్యాకరణమే. లాటిను క్రియకు ఎన్ని కాలములు కలవో అన్నియు తమ భాషకు ఉండితీరవలెనని వారి తలంపు. దీనికి అడ్డుపడినవాడు జాన్ వాలిసు. అనంతమునకు గణితమున వాడు గుర్తును వాడుకలోనికి దెచ్చినవాడు ఈయనయే. 1653లో ఆయన లాటినుభాషలో ఇంగ్లీషు వ్యాకరణమును వ్రాయుచు, ఇంగ్లీషును లాటిను మూసలో పోయరాదనియు, దాని క్రియకు కాలములు రెండేయనియు నిష్కర్షగా జెప్పెను. 'షల్', 'విల్' లలో దేనిని ఏ పురుషమునందు వాడవలెనను నియమమును గూడ ఆయనయే వ్రాసెను. లోకము ఆ నియమమును పట్టుకొని, కాలములు రెండేయన్న మాటను విడిచిపెట్టెను. 1795లో లిండ్లీ మఱ్ఱే ప్రకటించిన వ్యాకరణమున కాలములు ఆఱు. ఆ పుస్తకము రెండు ఖండములలోను పాఠశాలల నేలినది. తరువాత ఉత్తర హిందూస్థానమున విద్యాశాఖలో పనిచేసిన నెస్‌ఫీల్డుగారి వ్యాకరణమున కాలములు మూడు, ఒక్కొక్కదానికి రూపములు నాలుగు. మన పండ్రెండు గళ్ళును నిండినవి. 1930ల దశకమున రెన్, మార్టిన్ అను నిరువురి పుస్తకము వెలువడి, నేటికిని మన పిల్లల సంచులలో నున్నది. ఆ రెన్ దొరగారు నవలలు వ్రాసి ఖ్యాతిగన్నవారు, బొంబాయి రాజధానిలో విద్యాశాఖోద్యోగి.

ఇంగ్లీషువానికి ఈ పట్టికతో పనిలేదు. వాడు తల్లియొడిలో భాష నేర్చుకొనును. పట్టిక మనకొఱకు వచ్చినది.

ఇక మన పక్షము వినుడు. తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణములు వ్రాసినవారు దొరలు. విలియం కేరీ 1814లో సేరంపూరునందు, ఎ. డి. క్యాంబెల్ 1816లో చెన్నపట్టణమందు, సి. పి. బ్రౌను 1840లో వ్రాసిరి. వీరి ఉద్దేశము సీమనుండి వచ్చిన ఉద్యోగులకు తెలుగు నేర్పుట. కనుక ఇంగ్లీషు కాలమును ముందు బెట్టి, దీనికి తెలుగున ఏమందురని వెదకిరి. ఆ త్రోవ వారికి తగినదే. కాని మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పవలసివచ్చినపుడు గూడ మనము ఆ జంటలనే తలక్రిందులు చేసి వాడుకొంటిమి. దిగుటకు కట్టిన మెట్లను ఎక్కుటకు వాడితిమి. మెట్టు మెట్టునకు కాలు తడబడినది.

బ్రౌనుదొరకు 'చేయును' అను రూపముకడ చిక్కు వచ్చినది. అది నిన్నటిది కాదు, నేటిది కాదు, రేపటిది కాదు, మూడింటికిని చెల్లును. ఆయన గ్రీకు వ్యాకరణమునుండి 'ఏయోరిస్టు' అను పేరు తెచ్చి దానికి బెట్టెను. ఎల్ల లేనిదని ఆ గ్రీకు మాట కర్థము. అదే చెన్నపట్టణమున 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును ప్రకటించెను. అందు ఈ రూపమునకు 'తద్ధర్మార్థకము' అని పేరు. వర్తమానము, భూతము, భవిష్యత్తు అనువాని సరసన ఇది నాలుగవది. తద్ధర్మమను పదము పాణినీయమున కర్తను జెప్పు ప్రత్యయముల ప్రకరణములో నున్నదే. ఆ పనికి అలవాటుపడినవాడు, ఆ పని తన ధర్మముగా గలవాడు, దానిని బాగుగా చేయువాడు అని అచ్చట మూడర్థములు చెప్పబడినవి. అందు నడిమిదానిని తెలుగు క్రియకు పేరుగా నిలిపిరి. గ్రీకు పేరు ఆ క్రియకు లేనిదేదో చెప్పును, మన పేరు ఉన్నదేదో చెప్పును. పక్షపాతమనినను సరియే, నాకు మన పేరే మేలుగా దోచుచున్నది.

ఇంగ్లీషున 'హి వీవ్స్' అను రూపము అచ్చముగా ఈ తద్ధర్మార్థకమే. వాడు నేయును. ఈ క్షణమున నేయుచున్నాడని కాదు, నేత వాని ధర్మము. దీనికి వర్తమానమని పేరుపెట్టి నేర్పుటచేత బాలుడు, వర్తమానమనగా ఇప్పుడు గదా, ఇప్పుడనగా 'నేయుచున్నాడు' గదా యని, 'ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డైలీ' అనును. వానిని బెత్తముతో కొట్టిన లాభమేమి? పేరు వానిని మోసపుచ్చినది. వాడుక భాషలో మఱియొక చిక్కు. పూర్వము పట్టికలో 'వ్రాయుదును' అని యుండెడిది. ఆ గ్రాంథికరూపము పిల్లలకు దూరమైన పిదప అచ్చట 'వ్రాస్తాను' వచ్చినది. 'ఐ షల్ రైట్' అను గడిలోను 'వ్రాస్తాను' వచ్చినది. మా తెలంగాణమున రెండింటికిని 'రాస్త' యందుము. రెండు గళ్ళకు ఒకే తెలుగైనపుడు, ఇంగ్లీషు రెండేల అని బాలుడు తికమకపడుట సహజము.

ఇంతవరకు చెప్పినది చెన్నపట్టణపు త్రోవ. మా సిరిసిల్ల ఆ రాజధానిలోనిది కాదు, హైదరాబాదు సంస్థానములోనిది. ఇచ్చట ఇంగ్లీషు మఱియొక ద్వారమున వచ్చినది. సంస్థానమున 1884లో పారసీకమునకు బదులు ఉరుదూ అధికారభాష అయినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉరుదూలో, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశము. ఇంట తెలుగు, బడిలో ఉరుదూ, ఉరుదూద్వారా ఇంగ్లీషు. మా ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో జన్మించి, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమునకు పాత్రులైన సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్లలో మాధ్యమిక విద్య నభ్యసించినదియు, పట్టభద్రులగువఱకు చదివినదియు ఉరుదూ మాధ్యమముననే. మాతృభాషలో విద్య గఱపవలెనని ఎలుగెత్తిన ఆంధ్రమహాసభ 1935లో తన నాలుగవ సమావేశమును మాడపాటి హనుమంతరావు పంతులుగారి యధ్యక్షతను జరిపినది మా సిరిసిల్లలోనే.

ఉరుదూ వ్యాకరణమున భూతకాలమునకు మాజీ యని పేరు. అందు భేదములు పెక్కు. మాజీ ముత్‌లఖ్ అనగా కేవలభూతము. మాజీ ఖరీబ్ అనగా దగ్గఱి భూతము, 'ఆయా హై' అనునది. మాజీ బయీద్ అనగా దూరభూతము, 'ఆయా థా' అనునది. మౌల్వీసాహెబులు దగ్గఱిదానిని 'హ్యాజ్ కమ్' తోడను, దూరపుదానిని 'హ్యాడ్ కమ్' తోడను జతపఱచిరి. మొదటి జత చక్కగా కుదిరినది. రెండవది కుదిరినట్లుండి కుదరలేదు. ఉరుదూలో నిన్న పోయినదానిని 'కల్ గయా థా' యనవచ్చును. ఇంగ్లీషు 'హ్యాడ్' అట్లు ఒంటరిగా నిలువదు. గడచినవి రెండు పనులుండి, వానిలో ముందటిదానిని ముందటిదిగా చూపవలసినపుడే అది వచ్చును. రైలు పోయినది, నేను తరువాత వచ్చితిని. ఆ రైలు పోవుటకే 'హ్యాడ్' తగును. మా జిల్లాలలో చదువుకొన్న పెద్దలు గూడ 'ఐ హ్యాడ్ గాన్ టు కరీంనగర్ యెస్టర్డే' అనుట నేను కొల్లలుగా వింటిని. ఆ 'హ్యాడ్' వెనుక ఒక 'థా' దాగియున్నదని నా యభిప్రాయము. మన 'పోయియుంటిని' గూడ దానికి కొంత తోడుపడియుండును.

ఇక నన్ను ముంచిన 'హ్యావ్' సంగతి. దీని స్వభావము నాకు ఇంగ్లీషు పుస్తకములవలన గాక, కౌముది తిరుగవేసినపుడు తెలిసినది. పాణిని భూతకాలమును మూడుగా విభజించెను. నేడు జరిగినదిగాక, దానికి ముందు జరిగినదానికి లఙ్ లకారము. అట్టిదే యయ్యు, చెప్పువాడు కన్నులార చూడనిదైనచో లిట్టు. ఈ కట్టుబాట్లు లేని సామాన్యభూతమునకు లుఙ్. నేటి పని యీ లుఙ్ పాలబడును. వేదభాషలో ఇప్పుడే ముగిసిన పనికి లుఙ్ తఱచు వచ్చును. ఇంగ్లీషున 'ఐ హ్యావ్ సీన్' అనువాడు దానిప్రక్క 'నిన్న' అని చేర్పరాదు. చేర్చిన తక్షణమే అది 'ఐ సా' యగును. నిన్న యనుమాట తగిలినంతనే రూపము మారుట చూచి నేను ఉలికిపడితిని. ఇది మన అద్యతనానద్యతన భేదమునకు చుట్టమే. అచ్చముగా అదియే యని చెప్పను. ఇంగ్లీషువాడు ఈ ప్రొద్దుటి పనిని గూడ కేవలభూతముతో చెప్పగలడు. 1660లో పారిసునందు వెలువడిన పోర్ రోయాల్ వ్యాకరణము ఫ్రెంచిభూతములు రెండింటిని వేఱుచేయుచు, ఒకటి కనీసము ఒక దినము వెనుకటి పనికే చెల్లునని విధించినది. మన పాణిని నడిగి వ్రాసినారా యన్నట్లున్నది.

మఱి ముప్పది యేండ్ల నేతకు ఏ రూపము? పని నిన్న మొన్నటిది, నేటిది గూడ. మనము వర్తమానముననే చెప్పుదుము, ముప్పది యేండ్లుగా నేయుచున్నాడు అని. ఫ్రెంచివారును, జర్మనులును మనవలెనే వర్తమానముతో చెప్పుదురు. వారును ఇంగ్లీషునకు వచ్చి మనవలెనే జారిపడుదురు. ఇంగ్లీషువాడు మాత్రము మొదలును 'హ్యాజ్ బీన్' తోడను, సాగుటను 'వీవింగ్' తోడను రెండు కొనలను ముడివేయును. నేను 'వాజ్' అని వ్రాసి ఈవలి కొనను త్రెంచితిని.

'సిన్స్', 'ఫర్' అనువాని భేదము మన భాషలోనే యున్నది. మొదలు చెప్పిన 'నుండి', కొలత చెప్పిన 'గా'. 1956 నుండి నేయుచున్నాడు, ముప్పది యేండ్లుగా నేయుచున్నాడు. మనము అజాగ్రత్తచేత 'ముప్పది యేండ్లనుండి' యనుటకు అలవాటుపడి, ఇంగ్లీషున గూడ ఆ తప్పునే చేయుచున్నాము. బడిలో ఎవరును నాకీ 'గా' సంగతి చెప్పలేదు. చెప్పినచో ఒక్క నిమిషపు పని.

పతంజలి మహాభాష్యమున ఈ వర్తమానమునుగూర్చి చక్కని చర్చ కలదు. ఇచ్చట మేము చదువుచున్నామని చెప్పువాడు నడుమ భోజనమునకు లేచిన, అపుడు గూడ అది వర్తమానమేనా యని ప్రశ్న. మొదలుపెట్టిన పని ముగియువఱకు వర్తమానమే యని నిర్ణయము. పర్వతములు నిలుచుట, నదులు పాఱుట యెల్లప్పుడు నున్నవే, వానికి కాలవిభాగమెట్లు అని మఱియొక ప్రశ్న. రెండువేల యేండ్లకు పూర్వము ఆయన విడదీసినది, నేడు ఇంగ్లీషు పాఠమున 'ఐ యామ్ స్టడీయింగ్', 'రివర్స్ ఫ్లో' అను రెండింటి నడుమనున్న సందేహమునకు పొరుగునదే. పండితుడు ఇంగ్లీషునకు దూరమనుకొనుట వట్టి భ్రమ.

తెలంగాణ ప్రభుత్వము 2022–23 విద్యాసంవత్సరమున సర్కారు బడులలో ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివఱకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టినది. పుస్తకములను ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా అచ్చువేసిరి. అది మంచి యేర్పాటని నేనందును. రెండు పుటలు ఎదురెదురుగా నున్నపుడైనను, ఒకదాని క్రియను మఱియొకదాని క్రియతో పోల్చి చూపు ఉపాధ్యాయుడు కావలెను.

నేను పదవీవిరమణము చేయుటకు ముందు కొంతకాలము, ఇంగ్లీషు చెప్పువారు లేనపుడు ఆ తరగతిని గూడ చూచితిని. పట్టికను నల్లబల్లమీద వ్రాయుట మానితిని. మీ నాయన ఏమి చేయును, ఇప్పుడేమి చేయుచున్నాడు అని వరుసగా అడుగుచు, మొదటి ప్రశ్నకు ఒక రూపము, రెండవదానికి ఒక రూపము చెప్పించుచుంటిని. ఒకనాడు ఒక బాలిక లేచి, "మా నాయన సాంచ నడుపుతడు సార్. రాత్రి డ్యూటీ చేసిండు. ఇప్పుడు పండుకున్నడు" అని చెప్పి, దానినే ఇంగ్లీషున 'నౌ హి స్లెప్ట్' అని ముగించెను. తరగతి నవ్వెను. నేను నవ్వలేకపోతిని. 'పండుకున్నడు' అనునది రూపమున భూతమే గదా, కూర్చున్నాడు, నిలుచున్నాడు అనునవియు నట్టివే. వానితో మనము ఇప్పటి స్థితిని చెప్పుచున్నాము. పండుకొనుట ముగిసినది, నిద్ర సాగుచున్నది. పండ్రెండు గళ్ళలో దేనియందును ఆ బిడ్డ మాటకు చోటు లేదు. రేపు చెప్పెదనని ఆమెను కూర్చుండబెట్టి, ఆ రాత్రి చాలసేపు మేలుకొంటిని.

మఱునాడు బల్లమీద రెండు వాక్యములు వ్రాసితిని. 'హి వెంట్ టు బెడ్ యట్ సిక్స్. హి ఈజ్ స్లీపింగ్.' ఆమె వానిని చూచి కొంతసేపు పెదవులు కదపి, "మనం రెండూ ఒక్క మాటల్నే అంటం గదా సార్" అనెను. అవునంటిని.